నలభై డిగ్రీల ఆవిరి

కిందటి మాఘమాసంలో మా కార్యాలయంలో ఒక కర్టెను కాలింది. పూర్తిగా కాదు, అంచు జానెడు. రెండో అంతస్తులో సూపరింటెండెంటు గారు దేవుడి పటం ముందు వెలిగించిన అగరొత్తి ఫ్యాను గాలికి వంగి దాన్ని తాకింది. ఆయనే మంచినీళ్ల గ్లాసు విసిరి ఆర్పేశారు. ప్రమాదం నిమిషంలో ముగిసింది. దాని మీద వెలువడిన సర్క్యులరు మాత్రం ఇంకా కాలుతూనే ఉంది.

ఆ సర్క్యులరు టైపు చేసింది నేనే. నా పేరు గోవర్ధనం. మూలికా వైద్య సంచాలక కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. ఇరవై ఆరేళ్లుగా పెద్దలు చెప్పింది రాయడం, రాసింది వాళ్లకే చదివి వినిపించడం నా ఉద్యోగం. "శాఖాధీనంలోని సమస్త ప్రాంగణములందు ఏ రూపంలోనైనను, ఏ ప్రయోజనం నిమిత్తమైనను, బహిరంగ జ్వాల తక్షణమే నిషేధింపబడినది" అని మా సంయుక్త సంచాలకులు విశ్వంభరరావు గారు చెప్పారు. రాశాను. కింద సున్నా చుట్టినట్టు సంతకం పెట్టారు. రాష్ట్రంలోని మూలికా వైద్యశాలలన్నిటికీ వెళ్లింది.

మూడు వారాల తర్వాత వేమవరప్పాడు వైద్యశాల నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసింది అక్కడి వైద్యాధికారిణి డాక్టర్ హైమవతి. ప్రభుత్వోద్యోగి రాసిన ఉత్తరంలా లేదు, అర్థమయ్యేలా ఉంది.

"మా ఊరి కోల్డ్ స్టోరేజీల్లో ఎండుమిరపకాయలకు తొడాలు, అదే తొడిమలు, తీసే ఆడవాళ్లు రెండు వందల మంది దాకా ఉన్నారు. ఘాటుకు ముక్కులు బిగుసుకుపోయి, గొంతులు మండుతూ వస్తారు. ప్రతి గురువారం కుండలో వావిలాకు వేసి కాచి, దుప్పటి కప్పి ఆవిరి పట్టిస్తాను. వాళ్లకు ఆ రాత్రి నిద్ర పడుతుంది. మీ సర్క్యులరు చూపించి నా గ్యాసు పొయ్యి ఎత్తుకెళ్లారు. పొయ్యి తిరిగి ఇప్పించండి. కాదంటే కరెంటు కెటిల్ పెట్టుకోనివ్వండి."

విశ్వంభరరావు గారు ఉత్తరం రెండుసార్లు చదివారు.

"కెటిల్ ఏ పద్దు కిందికి వస్తుంది గోవర్ధనం గారూ?"

"టీ సామగ్రి కిందికి సార్."

"వైద్యకక్ష్యలో టీ సామగ్రి?"

"రెండేళ్ల కిందట మనమే వద్దన్నాం సార్."

"మరి మన ఉత్తర్వును మనమే ఉల్లంఘించమంటారా?" అని ఆయన బాధగా నవ్వి, సొరుగులోంచి ఒక రంగుల కరపత్రం తీశారు. ఏదో ప్రదర్శనకు వెళ్లినప్పుడు ఎవరో చేతిలో పెట్టారట. జేబులో పట్టేంత యంత్రం. లోపల చిన్న గిన్నె. అందులో ఎండిన మూలిక వేసి మీట నొక్కితే బ్యాటరీ వేడికి ఆకు కాలకుండానే దాని సారం ఆవిరవుతుంది. మూతిగొట్టంతో పీల్చుకోవాలి. నీళ్లు లేవు, నిప్పు లేదు, పొగ లేదు.

"కుండా పొయ్యీ ఎక్కడ, ఇదెక్కడ! మన శాఖ కొత్త శతాబ్దంలోకి అడుగు పెడుతోంది. రాయండి," అన్నారు.

అలా జ్వాలారహిత చేతిపట్టు శుష్కమూలికా బాష్పీకరణ పరికర ఎంపిక సంఘం పుట్టింది. ఏడుగురు సభ్యులు. ఆ ఏడుగురిలో రోగులను చూసేవారు ఒక్కరూ లేరు కాబట్టి నిష్పాక్షికత గురించి ఎవరూ వేలెత్తి చూపడానికి వీల్లేదు. హైమవతి గారిని ప్రత్యేక ఆహ్వానితురాలిగా పిలిచాం. అంటే రావచ్చు, కూర్చోవచ్చు.

ఆమె వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. నూలు చీర, చేతిలో గుడ్డసంచి. బల్ల మీద పధ్నాలుగు కంపెనీల పధ్నాలుగు యంత్రాలు నంబర్లు వేసి పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి చూస్తూ గబగబా అడగడం మొదలుపెట్టింది.

"దీంట్లో ఆకు వేడి గోడకి తగిలి కాగుతుందా, వేడి గాలి ఆకుల్లోంచి పోతుందా? గోడకి తగిలేదైతే మధ్యలో కలపకపోతే ఓ పక్క మాడుతుంది. బ్యాటరీ ఎంతసేపు వస్తుంది? నాకు గురువారం నలభై మంది ఉంటారు. బ్యాటరీ ఊడదీసి ఇంకోటి వేసుకోవచ్చా? మూతిగొట్టం మనిషికొకటి మార్చుకోవడానికి వీలుందా? వేడినీళ్లలో ఉడకబెడితే తట్టుకుంటుందా? మా వాళ్ల వేళ్లు మిరపఘాటుకి పగిలి ఉంటాయి, ఈ మీట ఇంత గట్టిగా ఉంటే ఎలా నొక్కుతారు?"

విశ్వంభరరావు గారు గొంతు సవరించుకున్నారు.

"డాక్టర్ గారూ, మీరు లేవనెత్తినవన్నీ వినియోగ సంబంధిత అంశాలు. ప్రస్తుతం మనం ఎంపిక దశలో ఉన్నాం. వినియోగం తదుపరి దశ."

"వాడటం తెలియకుండా ఎలా ఎంచుకుంటాం సార్?"

"అందుకే సంఘం వేశాం."

తర్వాత మూడు సమావేశాలు ఒకే ప్రశ్న మీద నడిచాయి: యంత్రంలోంచి వచ్చేది పొగా, ఆవిరా? పొగ అయితే ధూమపాన నిషేధం అడ్డొస్తుంది. ఆవిరి అయితే రాదు. ఒక సభ్యుడు నిఘంటువు తెచ్చారు. ఇంకొకరు తెల్లగా ఉంటే ఆవిరనీ నల్లగా ఉంటే పొగనీ అన్నారు. అగరొత్తి పొగ కూడా తెల్లగానే ఉంటుందని సూపరింటెండెంటు గారు అనుభవం మీద చెప్పారు. చివరికి భద్రతా సలహాదారు విక్టర్ బాబు గారు తేల్చారు. ఆయన ఎప్పుడూ నిలబడే మాట్లాడతారు.

"గదిలో అలారం ఉంది. మోగితే పొగ. మోగకపోతే ఆవిరి. యంత్రం చెప్పిందాని మీద అప్పీలు ఉండదు."

నాలుగో సమావేశంలో ప్రయోగం పెట్టారు. పీల్చేదెవరు అన్నది సమస్య అయింది. అధికారులు రోగుల చికిత్స వినియోగించుకోకూడదు. హైమవతి గారు పీలిస్తే పక్షపాతం. అందుకని వేమవరప్పాడు నుంచి ఒక రోగిని తీసుకురమ్మన్నారు.

ఆమె పేరు సామ్రాజ్యం. అరవై దాటిన మనిషి. ముప్పై ఏళ్లుగా మిరప తొడాలు తీస్తోంది. ఐదు గంటలు బస్సులో కూర్చుని వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే వద్దన్నా వినలేదు. మాట్లాడుతుంటే మధ్యలో ఈల వేసినట్టు శ్వాస వినబడుతోంది.

"కూర్చోండమ్మా. ఒక్కొక్కటీ పీల్చి మీ అభిప్రాయం తెలియజేయండి," అన్నారు విశ్వంభరరావు గారు.

ఆమె ఒకటో నంబరు నోట్లో పెట్టుకుంది. రెండోది. మూడోది. ఎనిమిదో నంబరు దగ్గర మీట నొక్కితే ఫోన్‌కు ఏదో అంకెల సందేశం వస్తుందనీ, అది కొడితేనే వేడెక్కుతుందనీ తేలింది. సామ్రాజ్యానికి ఫోన్ లేదు. దాన్ని పక్కన పెట్టారు. పదో నంబరు దాకా పీల్చి ఆమె ఆగింది.

"ఏం రావట్లేదు నాయనా. వట్టి గాలే."

హైమవతి గారు లేచి గిన్నె మూత తీసి చూసింది. "సార్, ఇందులో ఆకు లేదు! దేంట్లోనూ లేదు."

"ఆకు కొనుగోలు మన సంఘం పరిధి కాదు మేడమ్," అన్నారు విశ్వంభరరావు గారు. "దానికి వేరే సంఘం ప్రతిపాదనలో ఉంది. మనం పరికరాన్ని దాని స్వంత ప్రతిభ మీద పరీక్షిస్తున్నాం."

సామ్రాజ్యం ఆ మాటలు వినలేదు. వింటే అర్థమయ్యేవని కాదు. కొంగు ముడి విప్పింది. లోపల ఎండిన వావిలాకు గుప్పెడు. బస్సులో వాంతి రాకుండా వాసన చూసుకోవడానికి తెచ్చుకుందట.

"అరచేతిలో నలుపు సామ్రాజ్యం," అంది హైమవతి గారు. "మరీ పొడి చెయ్యబాకు, గిన్నె జల్లెడకి అడ్డం పడుద్ది. మరీ ఆకుల్లా వదిలేసినా వేడెక్కదు. ఆఁ, అట్టా. నొక్కి కూరబాకు, గాలి ఆడాలి." బల్ల మీదున్న వాటిలోంచి పదకొండో నంబరు తీసుకుంది. నల్లటిది, అందం లేనిది, మీట ఒక్కటే. ఆ మీటే నొక్కుతూ వేడి నూట డెబ్భైకి తెచ్చి నిమిషం ఆగింది. "ఇప్పుడు నెమ్మదిగా లాగు. బీడీ లాగినట్టు కాదు."

"నేనెప్పుడు బీడీ తాగానమ్మా!"

"సరే, గంజి ఊదుకుని తాగినట్టు. నిదానంగా."

సామ్రాజ్యం లాగింది. ఒక్క క్షణం ఆపుకుని వదిలింది. పల్చటి తెల్లని ఆవిరి. గదంతా వావిలాకు వాసన. ఆ గదిలో ఇరవై ఆరేళ్లలో నేను పీల్చిన మొదటి మంచి గాలి అదే. ఆమె మళ్లీ లాగింది. మూడోసారికి మొహం విచ్చుకుంది.

"ఇదిగో, ఇదీ! కొంచెం నయంగా ఉందమ్మా. కుండంత కాదులే, కానీ పర్వాలే..."

అప్పుడు అలారం మోగింది.

ఆ తర్వాత ఏడుగురు సభ్యులూ మెట్ల మీంచి కిందికి పరిగెత్తడం, విక్టర్ బాబు గారు గోడకున్న ఎర్ర సిలిండరు ఊడదీసి బల్ల మీద తెల్లటి పొడి కొట్టడం, ఆ పొడికి సామ్రాజ్యం దగ్గీ దగ్గీ కూలబడడం, హైమవతి గారు ఆమెను వరండాలోకి మోసుకుపోవడం జరిగాయి. నా రిపోర్టులో "అలారం పనితీరు సంతృప్తికరం" అని రాయమన్నారు. రాశాను.

సంఘం సాయంత్రం మళ్లీ కూర్చుంది. పదకొండో నంబరును తిరస్కరించింది. కారణం: పరికరం నుండి ఏదో వెలువడినది. మిగిలిన పదమూడింటిలోంచి ఏమీ వెలువడలేదు గనక అవన్నీ అర్హత పొందాయి.

"ఇలాంటివి మళ్లీ జరగకుండా గరిష్ఠ వేడి నిర్ణయించాలి," అన్నారు విక్టర్ బాబు గారు. "నా సలహా నలభై డిగ్రీలు."

వరండాలోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డ హైమవతి గారు అంది: "నలభై అంటే మనిషి జ్వరం సార్. ఆకులో సారం బయటికి రావాలంటే నూట యాభై దాటాలి. నలభైలో ఆకు ఆకులాగే ఉంటుంది."

"అదే కదా మేడమ్ భద్రత!" అన్నారాయన.

చివరికి తొమ్మిదో నంబరు గెలిచింది. ముత్యం రంగు, గుండ్రటి అంచులు, మీట నొక్కితే నీలం దీపం, మృదువైన సంగీతం. నలభై దాటితే ఎర్ర దీపం వెలిగి దానంతటదే ఆగిపోతుంది. ఏప్రిల్ నెలాఖరుకు వేమవరప్పాడుకు పాతిక యంత్రాలు, ముప్పై ఆరు పేజీల వినియోగ కరదీపిక, పీల్చడంలో మూడు రోజుల శిక్షణ పంపాం. సామ్రాజ్యం శిక్షణకు మొదటి రోజు వెళ్లి, ఊపిరి ఎలా తీసుకోవాలో బొమ్మలు చూపిస్తుంటే లేచి వచ్చేసిందట.

మే మొదటి వారంలో హైమవతి గారి దగ్గర్నుంచి ఉత్తరం. "ఇక్కడ గదిలో నలభై నాలుగు డిగ్రీలు. యంత్రాలు పెట్టె తెరవగానే ఎర్ర దీపం వెలిగిస్తున్నాయి. మీట నొక్కకముందే."

ఇంకెవరైనా అయితే దీంతో కుంగిపోయేవారు. విశ్వంభరరావు గారు కుంగలేదు.

"యంత్రంలో లోపం లేదు. వాతావరణంలో ఉంది," అన్నారు. "గదిని చల్లబరచండి."

ఏసీ పెట్టించారు. ఆ వైద్యశాలలో తలుపులు సరిగ్గా పడేది ఒక్క గదే, డాక్టరు రోగుల్ని చూసే గది. దానికి బాష్పీకరణ శీతల కక్ష్య అని బోర్డు వేశారు. హైమవతి గారి బల్లా కుర్చీ వరండాలోకి వచ్చాయి, వడగాల్పులోకి.

జూన్‌లో నన్ను తనిఖీకి పంపారు. నేను వెళ్లింది గురువారం మధ్యాహ్నం. శీతల కక్ష్యలో పాతికమంది ఆడవాళ్లు చాపల మీద వరసగా కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో ముత్యం రంగు యంత్రం, నీలం దీపం, సంగీతం. కొందరు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వింటున్నారు. ఇద్దరు గోడకానుకుని నిద్రపోతున్నారు.

"ఎలా ఉందమ్మా?" అని ఒకామెను అడిగాను.

"సల్లగా ఉందయ్యా."

నా దగ్గరున్న ఫారంలో "ఉపశమనం కలిగినదా?" అనే ప్రశ్నకు అవును, కాదు అని రెండే గళ్లు. పాతికమందీ అవునన్నారు. అబద్ధమేం కాదు.

వరండాలో హైమవతి గారు తడిగుడ్డ నెత్తిన వేసుకుని ఒక పిల్లతల్లి నాడి చూస్తోంది. నాకు ముందు రోజు నుంచి జలుబు, తలంతా దిమ్ముగా ఉంది. నేను నమస్కారమనగానే నా ముక్కు గొంతు విని తలెత్తింది.

"మందిమ్మంటారా, ఆవిరి పడతారా?"

శీతల కక్ష్య వైపు చూశాను. ఆమె నవ్వింది. "అక్కడ కాదు. ఐదింటికి సామ్రాజ్యం ఇంటికి రండి."

సామ్రాజ్యం ఇల్లు వైద్యశాల వెనక సందులో మూడోది. రేకుల వసారా. కట్టెల పొయ్యి మీద కుండ, మూతికి వాసెన కట్టిన గుడ్డ. పగలు చల్లగదిలో కూర్చున్న ఆడవాళ్లే ఇప్పుడు ఇక్కడ వరసలో ఉన్నారు. డ్యూటీ దిగిన హైమవతి గారు గడియారం చూసుకుంటూ ఒక్కొక్కరినీ కూర్చోబెడుతోంది, మొహం మరీ దగ్గరికి పెట్టకుండా చూస్తోంది. దుప్పట్లోంచి బయటికి వచ్చిన ప్రతి మనిషీ ముక్కు చీది, గట్టిగా ఊపిరి పీల్చి, పక్కవాళ్ల వైపు చూసి ఊరికే నవ్వుతోంది.

"ఏం నాయనా, గవర్నమెంటు మనిషివి, కట్టెపొయ్యి దగ్గరికి వచ్చావ్. నీ మీద కేసు పెట్టరూ?" అంది సామ్రాజ్యం. ఆ రోజు అలారం మోగినప్పుడు నేనూ పరిగెత్తానని ఆమెకు గుర్తుందో లేదో. పీట వేసి కూర్చోబెట్టి దుప్పటి కప్పింది.

దుప్పటి కింద చీకటి, వేడి, వావిలాకు. పది నిమిషాలకు తల తేలికైంది. అంతవరకూ బాగానే ఉంది. అక్కడే ఆగితే బాగుండేది. కానీ తల తేలికైతే మనిషికి నిజాయితీ పుడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. లాడ్జికి వెళ్లి నా ఉద్యోగంలో మొదటిసారి ఎవరూ చెప్పనిది రాశాను. "యంత్రముల వలన ఎట్టి ఉపయోగమూ లేదు. రోగులకు కలిగిన సుఖము ఏసీ వలన కలిగినది. నిజమైన ఉపశమనం వైద్యశాల వెనుక నివసించు సామ్రాజ్యం అను ఆమె ఇంటిలోని మట్టికుండ వలన కలుగుచున్నది. కావున పొయ్యిని తిరిగి ఇవ్వవలెను."

విశ్వంభరరావు గారు ఆ కాగితం చదువుతుంటే నేను బల్ల అవతల నిలబడి ఉన్నాను. కోప్పడతారనుకున్నాను. ఆయన కళ్లు మెరిశాయి.

"అద్భుతం గోవర్ధనం గారూ! దేశీయ పరికరం! బ్యాటరీ అవసరం లేనిది! ఇన్నాళ్లూ మన కళ్లెదురుగా ఉండి..." లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చారు. "రాయండి. మృణ్మయ బాష్పీకరణ పాత్ర ఎంపిక సంఘం. కుండ మందం ఎంత ఉండాలి, మూతి వెడల్పు ఎంత, ఏ మట్టి, అన్నీ శాస్త్రీయంగా తేల్చాలి. అన్నట్టు కన్వీనరుగా ఆ డాక్టర్ హైమవతి గారినే వేద్దాం. అనుభవజ్ఞురాలు. ప్రతి గురువారం ఇక్కడ సమావేశం."

"సార్, గురువారం ఆవిడకి రోగులు..."

"రోగుల కోసమే కదండీ ఇదంతా!"

"పొయ్యి సంగతి సార్?"

"పాత్ర తేలకుండా పొయ్యి గురించి ఎలా ఆలోచిస్తాం? నిబంధనల ప్రకారం ముందు నమూనా కావాలి. ఉపశమనం కలిగించినట్టు రికార్డులో ఉన్నది ఒకే ఒక్క కుండ. మీరే వెళ్లి స్వాధీనం చేసుకు రండి. మామూలు బస్సులో కాకుండా ఏసీ బస్సులోనే తీసుకురండి, పగలకూడదు."

రాయడం నాకు అలవాటు. ఇలా మోయడం అలవాటు లేదు. అయినా వెళ్లాను. ఉత్తర్వు కాగితం జేబులో పెట్టుకుని ఆ రేకుల వసారాలో నిలబడ్డాను. హైమవతి గారు లేదు, పొద్దుటి బస్సుకే రాజధానికి బయలుదేరిందట, మొదటి సమావేశానికి. పొయ్యి మీద కుండ కాగుతూనే ఉంది. సామ్రాజ్యం ఎవరికో దుప్పటి సర్దుతోంది. వరసలో పదిమంది దాకా ఉన్నారు.

విషయం చెప్పాను. ఎంత మెల్లగా చెప్పినా అది అంతే ఉంది.

సామ్రాజ్యం తల తిప్పి నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. వరసలో ఒకామె "ఓసి నీ..." అని మొదలుపెట్టింది కూడా. సామ్రాజ్యం చెయ్యి ఎత్తి ఆమెను ఆపి, దుప్పట్లో ఉన్న మనిషి లేచేదాకా ఆగింది. తర్వాత కుండను గుడ్డతో పట్టుకుని దించింది. నీళ్లు చెట్టు మొదట్లో పారబోసింది. ఉడికిన ఆకు దులిపి, వేడి చల్లారేదాకా పక్కన పెట్టి, మసి కూడా తుడిచి నా చేతుల్లో పెట్టింది.

"కాగితం మీద సంతకం కావాలమ్మా... వేలిముద్ర అయినా," అన్నాను.

వేసింది. వేలికున్న మసి వల్ల సిరా డబ్బా అవసరం పడలేదు.

ఆమె లోపలికి వెళ్లి అన్నం వండుకునే సత్తుగిన్నె తెచ్చి నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టింది. గుప్పెడు ఆకు వేసింది. మూతికి గుడ్డ వాసెన కట్టింది. వరసలో తర్వాతి మనిషిని పీట మీదికి రమ్మంది. నేనింకా కుండ పట్టుకుని అక్కడే నిలబడి ఉండటం చూసి అంది:

"జలుబు తగ్గిందా నాయనా?"

"తగ్గిందమ్మా."

"మళ్లీ చేస్తే రా, మొహమాటపడబాకు. ఎవరికైనా పడతాం ఆవిరి." దుప్పటి అంచు నేలకు ఆనేలా సర్దింది. "ఆ పెన్ను మాత్రం ఇంట్లో పెట్టి రా."